‘డ్రింక్స్’ పాఠంలో చెప్పని చరిత్ర

మా యింట్లో పనిచేసే ఆమె కూతురు మూడో తరగతి చదువుతున్నది. సాయంత్రం తల్లితో పాటు వచ్చి మా వరండాలో కూర్చుంటుంది. రిటైరైన వాణ్ణి, నాకూ పొద్దు పోవాలి గదా అని ఇంగ్లీషు మాటలు చెప్తుంటాను. మొన్న ఆమె పుస్తకంలో ‘డ్రింక్స్’ అనే పేజీ వచ్చింది. వాటర్, మిల్క్, టీ, కాఫీ, జ్యూస్, సోడా అని బొమ్మలతో ఆరు మాటలు. పిల్ల పది నిముషాల్లో అప్పజెప్పేసింది. పాఠం అయిపోయిందనుకున్నాను గాని కాలేదు. చివర ఆ పిల్ల అన్న ఒక్క మాట నన్ను ఇరుకున పెట్టింది. అది చివరే చెప్తాను. ముందు ఈ మాటల సంగతి చూద్దాం.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా రక్షణశాఖ లెక్కల్లో పనిచేశాను. బీకాం చదివిన వాణ్ణి, భాషా పండితుణ్ణి కాను. అయితే ఆడిట్ నాకొక అలవాటు నేర్పింది. ఖర్చు ఎంత న్యాయంగా కనిపించినా సరే, వోచరు లేకపోతే ఒప్పుకోరాదు. మాటల పుట్టుక గురించి ఎవరేం చెప్పినా నేనదే అడుగుతాను. ఏ సంవత్సరపు కాగితంలో వున్నదండీ అని.

టీ సంగతి తీసుకోండి. మా వాకింగు మిత్రులలో ఒక పెద్దాయన ‘తేనీరు’ అంటే ‘తేనె నీరు’ అని, మన పూర్వులు తేనె కలుపుకుని తాగిన పానీయమే తెల్లవాళ్లు ఎత్తుకుపోయారని వాదిస్తారు. ఇంకొకాయన ‘చాయ్’ సంస్కృతంలోని ‘ఛాయ’ నుంచి వచ్చిందంటారు, రంగు వుంటుంది గనుక. వినడానికి రెండూ బాగానే వుంటాయి. కాని మనం రోజూ అనే మరో మాట వున్నది, ‘తేయాకు’. అందులో తేనె ఎక్కడున్నది? ‘తే’ అనే మొక్క ఆకు తేయాకు. దాన్ని కాచిన నీరు తేనీరు. ఆ ‘తే’ చైనాది. దక్షిణ చైనాలోని ఫుజియన్ తీరపు మాండలికంలో ఈ మొక్కను ‘తే’ అంటారు. డచ్చి వర్తకులు ఆ వైపు నుంచి సరుకు కొన్నారు గనుక ‘తే’ పడమటి యూరప్ కు పోయి ఇంగ్లీషులో ‘టీ’ అయింది. చైనాలోని ఎక్కువ ప్రాంతాల్లో అదే మొక్కను ‘చా’ అంటారు. అది భూమార్గాన పారశీకంలోకి వచ్చి ‘చాయ్’ అయింది, అక్కణ్ణుంచి ఉర్దూకు, హిందీకి వచ్చింది. హైదరాబాదులో చాయ్ అన్నా బెజవాడలో టీ అన్నా రెండూ ఒకే చైనా చెట్టుకు రెండు దారులన్నమాట. లండనులో శామ్యూల్ పెపిస్ అనే ప్రభుత్వోద్యోగి 1660 సెప్టెంబరు 25న, తాను అంతకు ముందెన్నడూ తాగని ‘టీ’ అనే చైనా పానీయం తాగానని డైరీలో రాసుకున్నాడు. వోచరంటే అదీ.

మరి మనం? అస్సాములో టీ చెట్టు వున్నదని 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు వాడు గమనించాడు. అక్కడి సింగ్ ఫో జాతి వారికి ఆ ఆకు అంతకుముందే తెలుసు. కాని దేశంలో యింటింటా టీ తాగే అలవాటు 20వ శతాబ్దపు సంగతి. 1903లో టీ సెస్సు చట్టం వచ్చింది. ఆ సొమ్ముతో తోటల యజమానుల సంఘం టీ ప్రచారం మొదలుపెట్టింది. రైల్వే స్టేషన్లలో, మిల్లుల్లో, సంతల్లో టీ కాచి పోసి అలవాటు చేశారు. ‘తరతరాల మన చాయ్’ అనేవారు ముత్తాత ఏం తాగాడో ఒకసారి విచారించుకోవాలి.

కాఫీకి వస్తే అది అరబ్బుల ‘కహ్వా’. తురుష్కులు ‘కహ్వే’ అంటే డచ్చివారు ‘కోఫీ’ అన్నారు, ఇంగ్లీషువారు ‘కాఫీ’ చేసుకున్నారు. ఇథియోపియాలో కాల్దీ అనే పశువుల కాపరి మేకలు ఏవో ఎర్రపండ్లు తిని గంతులు వేశాయనీ, అలా కాఫీ బయటపడిందనీ కథ. కథ బాగుంది. కాని ఈ మేకల ముచ్చట మొదట అచ్చయింది 1671లో, రోము నగరంలో. అప్పటికే మక్కాలో, ఇస్తాంబులులో కాఫీ దుకాణాలు వెలసి నూరేళ్లు దాటింది! మన వైపు బాబా బుడన్ మక్కా యాత్రకు పోయి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడంటారు. ఆ కొండలకు ఆయన పేరు వున్నది నిజం, ఏడు గింజలన్నది కథ. రెంటినీ వేరు వేరు పద్దుల్లో రాసుకోవాలి.

లండనులో మొదటి కాఫీ దుకాణం 1652లో పెట్టారు. ఒక కప్పు కొన్నవాడు ఎవరి పక్కన అయినా కూర్చుని రాజకీయం మాట్లాడవచ్చు. రెండో చార్లెస్ రాజుకు ఇది గిట్టలేదు. 1675 డిసెంబరులో కాఫీ దుకాణాలు మూసేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. గోల పుట్టేసరికి జనవరిలోనే వెనక్కు తీసుకున్నాడు. రాజు భయపడింది కాఫీకి కాదు, నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికి.

ఇంగ్లీషు పానీయాల్లో మన తీరానికి సంబంధించిన మాట ఒకటున్నది, ‘పంచ్’. ఈస్టిండియా కంపెనీ వారు 1611లో పెట్టపొలిలో, మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. పెట్టపొలి అంటే నేటి నిజాంపట్నం. 1632లో కంపెనీ మనిషి ఒకడు పెట్టపొలిలోని స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ‘పంచ్’ అనే మాట వున్నది. ఇంగ్లీషులో దొరికిన తొలి ఆధారాల్లో అదొకటి. అయితే ఆ మాట మన ‘పాంచ్’ నుంచి వచ్చిందా? సారా, నిమ్మరసం, పంచదార, నీళ్లు, సుగంధద్రవ్యం అని ఐదు వస్తువులు గనుక పంచ్ అయిందని జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు తన యాత్రాగ్రంథంలో రాశాడు. అది అచ్చయింది 1698లో, అంటే మాట పుట్టిన రెండు తరాల తరువాత. పైగా ఆ కాలపు ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘పుంచ్’ అన్నట్టు పలికేవారనీ, ‘పాంచ్’ అలా మారడం కష్టమనీ భాషా శాస్త్రజ్ఞుల అభ్యంతరం. పీపాకు ఇంగ్లీషులో ‘పంచన్’ అని పేరున్నది, దాని నుంచి వచ్చి వుండవచ్చునని కొందరంటారు. ఈ లెక్క ఇంకా తేలలేదు. తేలని లెక్కను దేశభక్తి కోసం తేలిందని రాయకూడదు గదా. తేలినవీ వున్నాయి. ‘టాడీ’ మన తాడిచెట్టు కల్లే, హిందీ ‘తాడీ’ ద్వారా పోయింది. ‘ఆరక్’ అరబ్బీ మాట, చెమట అని అర్థం. బట్టీలో ఆవిరి చల్లబడి చెమటబొట్లలా కారుతుంది గనుక ఆ పేరు. ‘ఆల్కహాల్’ అయితే అరబ్బుల కాటుక! మెత్తని పొడి అనే అర్థం నుంచి సారం అనే అర్థానికి, చివరికి మద్యానికి వచ్చి చేరింది.

సోడా గురించి హేతువాదులు తప్పక తెలుసుకోవాలి. జోసెఫ్ ప్రీస్ట్ లీ లీడ్స్ పట్టణంలో బీరు తయారీ పక్కన కాపురముండి, పులిసే పీపాల పైన నిలిచే వాయువును గమనించాడు. ఆ వాయువును నీళ్లలో కరిగించే పద్ధతిని 1772లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. మన గోలీసోడా సీసాకు హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. ప్రీస్ట్ లీ మతబోధకుడే అయినా అధికార మతాన్ని ప్రశ్నించాడు, ఫ్రెంచి విప్లవాన్ని మెచ్చుకున్నాడు. దానికి ఫలితంగా 1791లో బర్మింగ్ హాములో మూక అతని యిల్లూ ప్రయోగశాలా తగలబెట్టింది. మూడేళ్లకు అమెరికా వెళ్లిపోయాడు. సోడా కొట్టిన చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇక అన్నిటికంటె తేలికైన మాట, వాటర్. బ్రిటిషు కాలంలో మన రైల్వే స్టేషన్లలో దాన్ని ఒక్క మాటగా వుండనివ్వలేదు. ‘హిందూ పానీ’, ‘ముసల్మాన్ పానీ’ అని కేకలు వేసి వేరు వేరుగా పోసేవారు. 1945-46లో ఎర్రకోట విచారణల కాలంలో ఆజాద్ హింద్ ఫౌజు బందీలకు హిందూ చాయ్, ముస్లిం చాయ్ విడిగా పంపితే వారు రెంటినీ కలిపి పంచుకుని తాగారని గాంధీ చెప్పారు. చెరువు నీళ్లు అందరివీ కావని కొన్ని వందల ఏళ్లు శాసించిన దేశం మనది. మహద్ పురపాలక సంఘం చౌదార్ చెరువును 1924లో కాగితం మీద అందరికీ తెరిచింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో పోయి ఆ నీళ్లు దోసిట పట్టి తాగారు. తరువాత ‘అగ్రవర్ణాలు’ 108 కుండల పాలు, పెరుగు, పేడ, గోమూత్రం పోసి, మంత్రాలు చదివి, చెరువును శుద్ధి చేశారు. చూడండి, మనిషి తాకితే మైల, పేడ కలిస్తే శుద్ధి! 1937లో బొంబాయి హైకోర్టు ఆ నీళ్ల మీద దళితుల హక్కును నిలబెట్టింది. మన రాజ్యాంగం 15వ అధికరణలో హోటళ్లనూ బావులనూ చెరువులనూ పేరుపెట్టి చెప్పవలసి వచ్చిందంటేనే రోగం ఎంత పాతదో తెలుస్తుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన మారణకాండకు మొదలు తాగునీటి చెరువు దగ్గర జరిగిన గొడవే.

నా చిన్నతనంలో మా ఊరి టీ హోటల్లో రెండు రకాల గ్లాసులుండేవి. మావి లోపల బల్ల మీద, మాలమాదిగల గ్లాసులు బయట చూరు కింద. తాగినవాడే కడిగి బోర్లించి పోవాలి. నేను రోజూ చూశాను. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

పానీయం పేరు, అక్షరాలు నేర్పే పుస్తకం, ఈ రెండూ కలిసి చరిత్ర మార్చిన సందర్భం కూడ మనకున్నది. 1980లలో మన ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరా చేర్చింది. ఖజానాకు రాబడి, కూలివాడి యింట్లో పస్తు. ఒకే సొమ్ము ఒక పుస్తకంలో జమ, ఇంకో పుస్తకంలో నష్టం అయితే ఆడిటరు రెండు పుస్తకాలూ చూడాలి. ఎవరూ చూడలేదు. నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యత తరగతులు నడిచాయి. చదువు కొత్తగా నేర్చిన ఆడవాళ్ల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠమున్నది, తాగుబోతు భర్త వల్ల బతుకు పోగొట్టుకున్న స్త్రీ కథ. ఇది మా కథేనన్నారు దూబగుంట ఆడవాళ్లు. రోశమ్మ మొదలైన వారు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ విజయం మళ్లీ పాఠమై పక్క ఊళ్లకు పోయింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే కథ. కాని ఒక వాచకం పేజీ అంత పని చేయగలదని మాత్రం రుజువైంది.

ఇప్పుడు నా వోచరు నేను చూపించాలి. ఆ రోజు పిల్ల పాఠం అప్పజెప్పి దాహమంది. ‘వాటర్ ప్లీజ్ అను’ అన్నాను. నవ్వుతూ అన్నది. లోపలికి పోయి నేను తాగే స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చాను. తీసుకోలేదు.

“గిది మీ గిలాస గద సారూ. మా అమ్మది కిటికి మీద ఉంటది” అన్నది.

వెనక్కి తిరిగి చూశాను. వంటింటి కిటికీ మీద ఒక గ్లాసు బోర్లించి వున్నది. ఎన్నేళ్లుగా వున్నదో! మా ఆవిడ పెట్టిందా, వచ్చిన ఆమే అలవాటుగా పెట్టుకున్నదా, నాకు తెలియదు. తెలియకపోవడమే నేరం. జాతకాలు అబద్ధమని, బాబాలు మోసమని సభల్లో ఉపన్యాసాలిచ్చిన వాణ్ణి నేను. మా యింటి కిటికీ నాకు కనపడలేదు. కనపడలేదనడం కూడ సరికాదు. చిన్ననాటి చూరు కింది గ్లాసును చూసి అడగనట్టే దీన్నీ అడగలేదు.

ఆ రాత్రి మా ఆవిడతో మాట్లాడాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత “మీరూ చూస్తూనే వున్నారు గదండీ” అన్నది. జవాబు లేదు. మర్నాడు ఆమే ఆ గ్లాసు తీసి అన్నిటితో కలిపి కడిగి అలమరలో పెట్టింది. పనికొచ్చిన ఆమె కిటికీ వైపు చూసింది, అలమర వైపు చూసింది, ఏ గ్లాసు తీసుకోవాలో తెలియక కొళాయి దగ్గర దోసిలి పట్టబోయింది. మా ఆవిడ ఆపి, చేతికందిన గ్లాసులో టీ పోసి ఇచ్చింది. ఆమె దాన్ని నిలబడే తాగింది. కూర్చోవడానికి ఇంకెన్ని రోజులు పడుతుందో.

మాటల పుట్టుక వెతకడానికి చైనా దాకా, యెమెను దాకా పోవడం మంచిదే. పోయి రండి. వచ్చాక ఒకసారి మీ వంటింటి కిటికీ కూడ చూసుకోండి.