కట్టినవారికి దక్కని ఫలక్‌నుమా

హైదరాబాద్: చార్మినార్‌కు దక్షిణాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో కొండపై వెలసిన ఫలక్‌నుమా ప్యాలెస్ నిజాం కట్టించినదేనని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అది నిజాం కొన్న ఇల్లు. పాయ్‌గా వంశీయుడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సోదరి భర్త అయిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న దీనికి శంకుస్థాపన చేశారు. నిర్మాణానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి, రంగుటద్దాల కిటికీలు, ఒకేసారి 101 మంది కూర్చొని భుజించగల బల్ల... దేనిలోనూ నవాబు వెనుకాడలేదు. ఫలితంగా అప్పుల పాలయ్యారు. చివరకు 1897 ప్రాంతంలో మహబూబ్ అలీఖాన్ సొమ్ము చెల్లించి ఈ భవనాన్ని తీసుకున్నారు.

అటుపై ఇది రాజ అతిథి గృహమైంది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తర్వాత దశాబ్దాల పాటు తలుపులు మూతపడ్డాయి. మనుషులు లేని ఇంటికి చెమ్మ, చెదలే యజమానులు.

తిరిగి అమ్మకానికి పెట్టి ఉంటే అంతటి మరమ్మతు భారాన్ని మోయగల కొనుగోలుదారు దొరకడం కష్టమే. అందుకు భిన్నంగా యాజమాన్యం నిజాం కుటుంబం వద్దే ఉండగా, తాజ్ హోటళ్ల సంస్థ భవనాన్ని లీజుకు తీసుకుంది. ముకర్రం జా మాజీ భార్య, యువరాణి ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేళ్లు పునరుద్ధరణ సాగింది. గృహోపకరణాలను, తివాచీలను, దీపపు గుత్తులను కూడా బాగుచేయించారు. 2010 నవంబరులో భవనం హోటల్‌గా తెరుచుకుంది. సామాన్యునికి అక్కడి బస అందనిదన్న మాట నిజమే.

పాతనగరంలోని ఎన్నో దేవిడీలకు ఆ అవకాశమూ దక్కలేదు. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీకి నేడు ద్వారాలు మాత్రమే మిగిలాయి.