ట్యాంకులో ఎంతుంది?

గ్యాసు సిలిండరును తడిగుడ్డతో తుడిచి, చెమ్మ ఎక్కడిదాకా ఆరలేదో చూసి, "ఇంకా ఉందిలే" అనుకుంటాం కదండీ! మోటారు పడవల వాళ్ళూ అంతే. గేజీ పాడయితే ట్యాంకులో పుల్ల ముంచి తడి చూసుకుంటారు. ఆ మాటకొస్తే విమానానికీ ఆ గతి పట్టింది.

1983 జూలై 23. ఎయిర్ కెనడా వారి కొత్త బోయింగ్ 767లో ఇంధనం గేజీలు పనిచెయ్యలేదు. మార్చడానికి విడిభాగం దొరకలేదు. సరే, కొలతబద్దతోనే చూశారు. వచ్చిన లీటర్లను 0.8తో గుణిస్తే కిలోలొస్తాయి. వాళ్ళు పాత అలవాటున 1.77తో గుణించారు. అది పౌన్ల లెక్క! కెనడాలో అప్పుడే కిలోల పద్ధతి వస్తోంది మరి. సేర్లూ వీశలూ పోయిన కొత్తల్లో మా అమ్మమ్మ పడ్డ అవస్థే. కాకపోతే ఆవిడది పప్పు, ఇది ప్రాణం.

22,300 కిలోలు కావలసినచోట ఉన్నవి దాదాపు అన్ని పౌన్లే. సగం కూడా లేదన్నమాట! 41,000 అడుగుల ఎత్తున హెచ్చరిక మోగింది, కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపే సరదా ఉండటం ఎంత అదృష్టమో! గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరం మీద దింపేశాడు. అక్కడేమో ఆ రోజు కార్ల పందేలవాళ్ళు పిల్లాపాపలతో చేరి ఉన్నారు.

లోపల 69 మంది. ఒక్కరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆ విమానాన్ని బాగుచేసి 2008 దాకా నడిపారు.