పందెపు మోత, చెవికి కాపు

మోటారు పందెము చూడబోవువారు టిక్కెట్టు మరువరు, టోపీ మరువరు. చెవుల మాట మాత్రము మరతురు. ఈ మరపు నేటిది కాదు. నెల్లూరునుండి మద్రాసునకు పోవు పెద్దబాట ప్రక్కన షోలవరములో, యుద్ధకాలపు విమానముల పరుగుదారిపై, దశాబ్దములపాటు కార్ల పందెములు సాగినవి. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు వాటిని నడపినది. మోత లేని పందెము ఉప్పులేని పప్పువంటిదని తలచిన కాలమది.

చెవికి కాపు పందెపు బయలులో పుట్టలేదు. 1907లో బెర్లినునందు మాక్స్ నెగ్వర్ అను మందులవర్తకుడు మైనము, దూది కలిపి చెవిబిళ్ళలు చేసెను. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగుల నడుమ సైనికులు వాటిని వాడిరి. చలిగాలికి దూది కుక్కుకొనుట మన ఇండ్ల అలవాటే గాని, ఒట్టి దూది మోతను ఆపునది బహు స్వల్పము. 1967లో అమెరికాలో రాస్ గార్డనరు బృందము నలిపినపుడు సన్నబడి, చెవిలో మెల్లగా ఉబ్బు నురుగుబిళ్ళకు దారి తీసినది. నేడు మందులషాపులలో చవుకగా దొరకునది దాని సంతతియే.

ఖానాపురం హవేలినుండి సుమారు 200 కిలోమీటర్లు పోయి హైదరాబాదులో పందెము చూచినవారికి ఒక చిత్రము తెలిసియుండును. హుస్సేన్ సాగరు ఒడ్డున, 2022 నవంబరులో పెట్రోలు కార్లు ఉరికినవి. అచ్చటనే 2023 ఫిబ్రవరి 11న విద్యుత్తు కార్ల ఫార్ములా-ఇ జరిగినది; జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. విద్యుత్తు కార్ల మోత నిర్వాహకుల లెక్కలో సుమారు 80 డెసిబెల్లు. పెట్రోలు పందెపు కార్ల చేరువ 100 దాటుట సామాన్యము. బాట ఒకటే, చెవికి మాత్రము రెండు లోకములు. కావున ముందుగా అడుగవలసినది ఏ కారు పందెమని!

85 డెసిబెల్ల మోతను 8 గంటలు ఓర్వవచ్చునని నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్ల పెంపునకు ఆ గడువు సగమగును. 100 చేరునప్పటికి మిగులునది 15 నిమిషములే. లోపలిచెవిలోని రోమకణములు చచ్చినచో మరల మొలవవు.

ఇక ఎంపిక. నురుగుబిళ్ళ పెట్టెపై 33 అని అచ్చువేసియుండును. దానిని నమ్మి కొనుట మా మతమున పొరపాటు. అది ప్రయోగశాలలోని లెక్క, మన చేతులలో సగము దక్కినను మేలే. 110 డెసిబెల్ల చోట ఉదారముగా లెక్కించినను మోత 94 దగ్గర నిలుచును. గంటకు మించి చాలదు. అందువలన ముందువరుసలలో కూర్చుండువారు బిళ్ళపై చెవిడొప్పలు కూడ ధరింపవలెను. అయినను రెండు కాపుల అంకెలు కలిసిపోవు. రెండవదానివలన అదనముగా వచ్చునది 5 డెసిబెల్లు మాత్రమే. బిళ్ళను సన్నగా నలిపి, రెండవచేతిని తలమీదుగా చాచి చెవిని పైకి వెనుకకు లాగి చొప్పించి, ఉబ్బువరకు అర నిమిషము అదిమి పట్టవలెను. పిల్లల చెవిరంధ్రము చిన్నది. వారికి చెవిడొప్పలే తగును.

ఇల్లు చేరి రేడియో పెట్టినపుడు మీట నిన్నటికంటె ముందుకు త్రిప్పవలసి వచ్చినచో, చెవి దెబ్బతిన్నదని అనుమానింపవలెను. మరునాటికిని గుయ్యిమను మోత తగ్గనిచో, చెవి వైద్యునికి చూపుడు.