ఓడలెక్కిన కూర

మన వంటయింట గుత్తివంకాయకు నూరు కారము వేరు, చేపలపులుసునకు వేయు మసాలా వేరు. ఈ రెంటిని ఒక్క డబ్బాలోని పొడితోనే సాధింపవచ్చునని యెవరైన అనినచో మన ముత్తవ్వలు రోకలి పుచ్చుకొని వెంటబడి యుందురు. అయినను కూర సముద్రములు దాటి పేరుగాంచినది చాలవఱకు ఆ డబ్బా మూలముననే.

1747లో లండనునందు వెలువడిన హన్నా గ్లాస్ పాకగ్రంథమున హిందూదేశపు రీతిని కోడికూర వండు విధానము గలదు. మిరియాలు, బియ్యము, ధనియాలు దంచి వేయవలెననియు, ధనియాలను ముందుగ శుభ్రమైన పారమీద నిప్పుసెగను వేయింపవలెననియు ఆమె విధించినది. పసుపు గాని మిరపకాయ గాని అందు లేవు. ఆ శతాబ్దాంతమునకే కూరపొడి లండను అంగళ్ల కెక్కెను. కాని వంటవాని యదృష్టము అట్లుండలేదు. పాట్నాలో జన్మించి, కంపెనీ సైన్యమున కొలువు చేసి, ఐర్లండు మీదుగ లండను చేరిన దీన్ ముహమ్మద్ 1810లో పోర్ట్‌మన్ స్క్వేరు చెంత వెదురు కుర్చీలతోడను హుక్కాలతోడను భోజనశాల నొకదానిని తెరచి, 1812 నాటికే దివాలా తీసెను. కూరరుచి మరగిన దొరల యిండ్లలో వంటవారుండిరి; తక్కినవారికి ఆ రుచి యింకను పట్టువడలేదు. ఆయన పిమ్మట బ్రైటనున స్నానశాల నెలకొల్పి రాజులకే అంగమర్దనము చేయించి ప్రసిద్ధుడయ్యెను!

ఇంగ్లీషువారి ద్వారమున వచ్చుటచే జపానీయులు కూరను సీమవంటగనే యెంచిరి. 1872 నాటి వారి పాకగ్రంథ మొకదానియందు ఉల్లికాడలు, అల్లము, వెన్న, రొయ్యలు, కోడిమాంసముతోపాటు కప్పమాంసమును కూరలో వేయుమని యున్నది. కప్పను జూచి నవ్వువారు చివర కలుపుమనిన గోధుమపిండిని గూడ గమనింపవలెను; నేటి జపాను కూరకు గల చిక్కదనము ఆ పిండి చలువయే. 1908లో జపాను నౌకాదళపు వంటపుస్తకమునను ఈ కూర చేరినది.

పొడిరూపమున గాక మనుష్యుల చేతివంటగ తరలిన కూరయు గలదు. 1860లో చెన్నపట్నమున ట్రూరో ఓడనెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెఱకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారును ఉండిరి; రొట్టెను తొలిచి కూర నింపి యిచ్చు బన్నీచౌ తరువాతి కాలమున అచ్చటి డర్బను నగరపు భారతీయుల అంగళ్లలో పుట్టినదే. ఇక జపానునకు చేతివంటను గొనిపోయినవాడు విప్లవకారుడు. 1912లో ఢిల్లీయందు వైస్రాయి హార్డింజిపై బాంబు వేయించెనని ఆంగ్లప్రభుత్వము వెదకుచుండిన రాస్ బిహారీ బోసు 1915లో టోక్యో చేరగా, షింజుకులోని నకమురాయా రొట్టెలదుకాణపు సోమా దంపతులు ఆయనను తమ పెరటియింట దాచి, 1918లో కుమార్తె తోషికోనిచ్చి వివాహము గావించిరి. ఆమె 1925లో గతించినను అత్తవారితో ఆయన బాంధవ్యము తెగలేదు. 1927లో ఆ దుకాణమున భోజనశాల తెరచినపుడు బోసు ప్రోద్బలమున కోడిముక్కలను ఎముకలతోడనే వేసి మనదేశపు రీతిని వండిన కూర వడ్డనకు వచ్చెను. ఊరి హోటళ్లలో 10, 12 సెన్లకు (సెన్ను యెన్నులో నూఱవ వంతు) కూర దొరకు ఆ దినములలో దీని వెల 80 సెన్లు. అయినను గిరాకి తగ్గలేదు.