పొరుగు మారిన గుళ్లు

న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 'మోమా' 2019 అక్టోబరులో తన బొమ్మలన్నీ కొత్తగా సర్ది తలుపులు తెరిచింది. పికాసో 1907లో వేసిన బొమ్మ ఉన్న గదిలోనే ఫెయిత్ రింగ్‌గోల్డ్ అనే నల్లజాతి చిత్రకారిణి 1967లో వేసిన బొమ్మను వేలాడదీశారు. రెంటిలోనూ ఒక్క గీత మారలేదు, పొరుగు మారిందంతే. అయినా చూసినవాళ్లకు రెండూ కొత్తగా కనిపించాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన పాలమూరే. కృష్ణా, తుంగభద్ర తీరాల్లో అంతకన్నా ఎంతో పెద్ద సర్దుడు దశాబ్దాల ముందే జరిగింది. ఇక్కడ చోటు మారినవి పటాలు కావు, గుళ్లు.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ గీత కింద ఊళ్లతో పాటు వందల ఏళ్ల ఆలయాలూ ఉన్నాయి. కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం, అలంపూర్ పక్కన పాపనాశి గుళ్లు, కొల్లాపూర్ వైపు సోమశిల, జటప్రోలు ఆలయాలు అందులోవే. వీటిని నీళ్లకు వదిలేయకుండా విప్పి మెరక మీదికి తరలించారు.

గుడిని విప్పడమేమిటని అనిపించవచ్చు. ఆనాటి స్థపతులు రాయిని చెక్కి, సున్నం పెట్టకుండా, రాతి మీద రాయిని దాని బరువుతోనే కూర్చోబెట్టారు. అందుకే విప్పడం సాధ్యమైంది. ముందు కొలతలు తీసి పటాలు గీశారు, ఫొటోలు తీశారు. ప్రతి రాతికీ వరుసను బట్టి అంకె వేశారు. శిఖరం నుంచి పునాది దాకా ఒక్కొక్కటే దించి, కొత్త చోట పునాది నుంచి శిఖరం దాకా మళ్లీ పేర్చారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం 1964-68 మధ్య అబూ సింబెల్‌ను తరలించినప్పుడు కొండలో తొలిచిన ఆలయాన్ని రంపాలతో కోయాల్సి వచ్చింది. మన గుళ్లకు ఆ కోత తప్పింది. ఆ పాత శిల్పుల పనితనమే వాటిని ఆదుకుంది.

కూడవెల్లి సంగమేశ్వరుడు ఇప్పుడు అలంపూర్‌లో ఉన్నాడు. ఎత్తైన అధిష్ఠానం, చుట్టూ ప్రాకారం, పైన వంపుగా లేచే రేఖా శిఖరం అన్నీ కుదురుగా ఉన్నాయి. ఆ ఎత్తు దేనికో మాత్రం ఇక్కడ నిలబడితే అర్థం కాదు. రెండు నదుల ఒడ్డున నిలబడాల్సిన గుడిని వరదకు అందనంత ఎత్తున లేపారని నేననుకుంటాను. ఇప్పుడు నది లేదు, మెట్లు మిగిలాయి. మరోవైపు, అలంపూర్‌లో మొదటి నుంచీ ఉన్న నవబ్రహ్మ ఆలయాలు, సంగమేశ్వరుడు, 9-11 శతాబ్దాల నాటి పాపనాశి గుళ్లు ఇప్పుడు ఒక్క పూటలో చూడొచ్చు. రేఖా శిఖరం చూసిన కళ్లతోనే పాపనాశిలో అంతస్తులుగా కుంచించుకుపోయే మెట్ల కప్పులను చూస్తే, మూడు నాలుగు వందల ఏళ్లలో కట్టుబడి ఎటు నడిచిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కొత్త పొరుగు ఇచ్చిన లాభమిది.

నవబ్రహ్మ ఆలయాలను కదిలించలేదు, నీళ్లు రాకుండా గట్టు కట్టారు. ఆ గుళ్ల పక్కనే మ్యూజియం ఉంది. అందులోని లజ్జాగౌరి ముందు కాసేపు ఆగండి. తల ఉండాల్సిన చోట విప్పారిన పద్మం. పైకెత్తిన రెండు చేతులు, ప్రసవ భంగిమలో మడిచిన కాళ్లు. ఏడో శతాబ్దం నాటి శిల్పి నున్నటి ఒంటి మీద నగల దగ్గర మాత్రమే ఉలి నిలిపి పని చేశాడు. సంతానం కోసం మొక్కిన దేవతను మనం కళాఖండంగా చూస్తున్నాం. ఇదీ స్థానభ్రంశమే, నదితో పని లేకుండా జరిగింది. ఈ రాళ్ల చరిత్రను ఓపికగా రాసిపెట్టిన అలంపూర్ పండితుడు గడియారం రామకృష్ణ శర్మ (1919-2006) లేకపోతే మనకు తెలిసింది ఇంకా తక్కువయ్యేది.

స్థానం తప్పని గుడి ఎలా ఉంటుందో చూడాలంటే వనపర్తి దగ్గరి శ్రీరంగాపురం వెళ్లాలి. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి ఆలయం తన చెరువును ఆనుకునే ఉంది. నీడ నీళ్లలో పడితేనే ఆ గోపురం పూర్తయినట్టుంటుంది. సోమశిలలో లలితాసోమేశ్వరుణ్ణి చూసి, ఆ తర్వాత ఇక్కడికొస్తే తేడా గుండెకు తగులుతుంది. నదికి ఆవల కర్నూలు వైపున్న మరో గుడి, సప్తనదుల సంగమేశ్వరం, కదలనే లేదు. ఏటా నెలల తరబడి మునిగి, నీళ్లు తగ్గినప్పుడు బయటపడి పూజలందుకుంటుంది.

గుళ్ల సంగతి ఇలా ఉంటే, వాటి చుట్టూ బతికిన మనుషులకు ఇంత శ్రద్ధ దక్కలేదు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఏ ఇల్లు ఏ ఇంటి పక్కనుండేదో ఎవరూ అంకెలు వేసుకోలేదు. వాడలు చెదిరి, ఒకే ఊరివాళ్లు తలో దిక్కయ్యారు. ఇంటికో ఉద్యోగమన్న 98 జీవో పట్టుకుని నిర్వాసితులు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉన్నారు. దీన్ని చెప్పకుండా ఆలయాల తరలింపును ఘనకార్యంగా పొగడటం నాకు చేతకాదు.

అలంపూర్ మ్యూజియంలో ఒక గది ఈ తరలింపు కథకే కేటాయించాలి. గుళ్లు విప్పకముందు తీసిన ఫొటోలు, రాళ్ల అంకెలున్న పటాలు, పాత కూడవెల్లి ఊరి నక్ష అక్కడ పెట్టాలి. ముంపు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. సంగమం ఏ దిక్కున కనిపించేదో, జాతర ఏ దారిన వచ్చేదో వాళ్ల నోటనే రికార్డు చేయించాలి. వాళ్ల వయసు చూస్తే ఆ పని వచ్చే ఏడాదికి వాయిదా వేసేది కాదు.