ఓడలశాలలో పుట్టిన మోటారు



ఓడలు కట్టు పని కంచరపాలెమువాసులమగు మనకు క్రొత్తది కాదు. 1948లో ‘జల ఉష’ నీట దిగినది మన విశాఖరేవుననే. అట్టి ఓడలశాలనుండియే జపానుదేశమున నొక మోటారు సంస్థ పుట్టినది. అదియే ఇసుజు.

టోక్యోనగరమున 1853లో ఇషికవజిమా ఓడల కర్మాగారము వెలసెను. మొదటి మహాయుద్ధకాలమున ఓడలకు గిరాకి మిక్కుటమయ్యెను. యుద్ధానంతర మది నిలువదని యెంచి, 1916లోనే యజమానులు మోటార్లపై దృష్టి నిలిపిరి. వట్టి చేతులతో బండి యెట్లు కట్టుట? 1918లో ఇంగ్లండునందలి వూల్జ్‌లీ సంస్థతో ఒడంబడిక చేసికొని, దాని నమూనా ననుసరించి 1922లో తొలి కారు తయారుచేసిరి. 1927లో ఆ ఒడంబడికను విడిచి సొంత బండ్లకు పూనుకొనిరి. నే నీ చరిత్రమున మిక్కిలి మెచ్చునది యిదియే: నేర్చినంతకాలము నేర్చి, పిమ్మట ఊతకఱ్ఱను విడిచిరి.

ఆ బండ్లకు మొదట టోక్యోలోని సుమిదానది పేరు పెట్టిరి. 1934లో ఇసే పుణ్యక్షేత్రము చెంత పారు ఇసుజునది పేరు వచ్చెను. మనవారు బిడ్డలకు గోదావరి, కృష్ణవేణి యని పెట్టుకొనరా! 1949లో సంస్థకే ఆ పేరు స్థిరపడెను.

1953లో మరల ఇంగ్లీషువారి హిల్మన్ కార్లు కట్టిరి. సొంత కార్లును చేసిరిగాని, 1993లో వానిని మానిరి. సంస్థను నిలిపినవి లారీలును డీజిలు యంత్రములును.

2016 ఏప్రిలులో, చెన్నపట్టణపు రైలుదారిలోని తడకు సమీపమున, శ్రీసిటీయందు ఇసుజు కర్మాగారము తెరవబడెను. బండ్లు మన నేలపైననే కట్టబడుచున్నవి. నమూనా మాత్రము మనది కాదు.