ఊడిరాని బోల్టు – దాని వెనక చరిత్ర

మేమిద్దరం ఒక ట్రాన్స్‌పోర్ట్ యార్డులో గుమాస్తాలం. ఊళ్ళో ఇంటర్ దాకా చదివి, ఇక్కడికొచ్చి జాబ్ కార్డులు రాసుకుంటున్నవాళ్ళం. మేము పానా పట్టింది తక్కువ, పెన్ను పట్టింది ఎక్కువ. అయినా ఈ వారం బోల్టు గురించి రాయక తప్పలేదు.

కిందటి చలికాలం మా యార్డుకు ఒక పాత ల్యాండ్ రోవర్ వచ్చింది. ముందు కమాన్ కట్టలు మార్చాలి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మెకానిక్ అన్న ఒకాయన దానికింద దూరాడు. మిగతా బోల్టులన్నీ పొద్దున్నే వచ్చాయి. ఒక్కటి మాత్రం రెండు రోజులు తీసుకుంది. మేము కార్డు మీద మామూలుగా "కమాన్ కట్ట మార్పు, బోల్టు 1" అని రాసి పంపాం. నెలాఖరుకి ఆయన ఓవర్‌టైంలో 9 గంటలు కొట్టేశారు. "ఒక్క బోల్టుకి అన్ని గంటలా?" అన్నారు. ఆ ఒక్క లైను రాసింది మేమే. అందుకే అసలు ఆ బోల్టు ఎందుకు రాలేదో తెలుసుకుందామని కూర్చున్నాం.

ల్యాండ్ రోవర్‌ను 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డాం మోటారు ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. యుద్ధం అయిపోయిన రోజులు, బ్రిటన్‌లో ఉక్కుకు కరువు. అందుకని పైబాడీకి అల్యూమినియం మిశ్రమం వాడారు. కింద చాసిస్, కమాన్లు, బోల్టులు మాత్రం ఇనుమే. ఎన్నేళ్ళయినా పైన బండి బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం తుప్పు తినేస్తూ ఉంటుంది. ఈ ఎడారి దేశాలకి ఆ బళ్ళు తొందరగానే వచ్చాయి. ఇప్పటి ఎమిరేట్స్ 1971లో ఏర్పడక ముందు ఇక్కడ బ్రిటిష్ వాళ్ళు నడిపిన ట్రూషియల్ ఒమన్ స్కౌట్స్ దళం వాటిలోనే ఇసుకలో తిరిగేది.

మరి వానే సరిగ్గా పడని చోట తుప్పెక్కడిది? క్యాంపులో వేసవి రాత్రి బయట పడుకున్నవాళ్ళని అడగండి, తెల్లారేసరికి దుప్పటి తడిసిపోతుంది. సముద్రం నుంచి వచ్చే ఆ తేమలో ఉప్పుంటుంది, సబ్ఖా నేల దుమ్ములోనూ ఉప్పే. కమాన్ చివర కన్నులో రబ్బరు బుష్ ఉంటుంది. దాని మధ్యలో సన్నటి ఇనప గొట్టం, ఆ గొట్టంలోంచి బోల్టు. రెండిటి మధ్యా వెంట్రుకంత సందు. అందులోకి వెళ్ళిన తడి ఆరదు. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. ఆ సందులో చోటేది? గొట్టాన్నీ బోల్టునీ బిగించి ఒక్కటి చేసేస్తుంది. నట్టు ఊడినా బోల్టు రాదు. పైగా ఈ పాత బండిలో షాకిల్ లోపలి పట్టీకే థ్రెడ్డు ఉంటుంది. నట్టు తీసేసి బోల్టుని సుత్తెతో కొడితే థ్రెడ్డు పోతుంది. దాన్ని తిప్పే తీయాలి. తెలియనివాడు అక్కడే బండి పాడుచేస్తాడు.

ఇక పానా సంగతి. ఒకప్పుడు ఇంగ్లండులో ఏ కార్ఖానా థ్రెడ్డు దానిదే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోటి బోల్టుకి ఎక్కేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన చాలా కార్ఖానాల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి 1841లో ఒక కొలత చెప్పాడు. థ్రెడ్డు కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. ఇద్దరి బోల్టులూ కలవవు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన ఉన్న సైన్యాలు ఒకరి సామాను ఒకరికి పట్టక అవస్థ పడ్డాయి. 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే కొలతకి ఒప్పుకున్నాయి. సరిగ్గా ల్యాండ్ రోవర్ పుట్టిన ఏడే. అందుకే తొలి బళ్ళలో పాత బ్రిటిష్ థ్రెడ్డు ఎక్కువ, తర్వాతి వాటిలో కొత్తది. మన షెడ్డులో ఉండేవేమో మిల్లీమీటరు పానాలు. 11/16 అంగుళం తల అంటే 17.46 మిల్లీమీటర్లు. 17 పానా ఎక్కదు, 18 పెడితే అర మిల్లీమీటరు వదులు. బలం పెట్టగానే బోల్టు తల గుండ్రమైపోతుంది. ఆ తర్వాత దేవుడు కూడా తిప్పలేడు.

అన్న ఏం చేశాడంటే, ముందు వైరు బ్రష్షుతో థ్రెడ్డు శుభ్రం చేశాడు. స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాడు. ఆ నీలం డబ్బా డబ్ల్యూడీ-40కీ ఒక కథ ఉంది. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా, తడిని తోసేయడానికి తయారుచేశారు. 40వ ప్రయత్నంలో కుదిరిందని ఆ పేరు. అంతకుముందు మనవాళ్ళకి కిర్సనాయిలే గతి, ఊళ్ళో ఇప్పటికీ అదే.

మర్నాడు తల మీద సుత్తెతో దెబ్బలు, కాస్త బిగించి మళ్ళీ వదులు చేయడం. కదల్లేదు. గ్యాస్ మంట పెట్టాడు. ఆక్సిజన్, ఎసిటిలిన్ కలిస్తే 3000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము సాగి, చల్లారి తుప్పు పట్టు తప్పాలి. మంటకి రబ్బరు బుష్ అంటుకుని నల్లటి పొగ. పక్కనే బ్రేకు పైపు ఉంది కాబట్టి తడిగుడ్డ చుట్టి, ఒక తమ్ముణ్ణి నీళ్ళ బకెట్‌తో నిలబెట్టాడు. బండి జాకీ మీద కాదు, స్టాండుల మీద ఉంది. జాకీని నమ్మి బండికింద దూరొద్దని ఆయన రోజూ పిల్లలకి చెప్తాడు. చివరికి షాకిల్‌కీ బుష్‌కీ మధ్య సందులో రెండువైపులా రంపంతో కోసి, కమాన్ దించి, బోల్టుని ముక్కలుగా తీశాడు. కొత్త బోల్టుకి నిండా గ్రీజు పూసి ఎక్కించాడు.

మాలో ఒకరిది నిజామాబాద్ జిల్లా. అక్కడి కోనసముద్రం ఉక్కు కోసం 19వ శతాబ్దం తొలినాళ్ళలో పర్షియా వర్తకులు వచ్చేవారట, కత్తులకి. సముద్రం అవతలి నుంచి మన ఇనుము కోసం వచ్చారు, ఇప్పుడు మనం ఇటొచ్చి వీళ్ళ ఇనుము విప్పుతున్నాం. ఈ మాట చెప్తే అన్న నవ్వి, "వాళ్ళ గంటలు ఎవరు రాశారో" అన్నాడు.

ఇదంతా గంటల వారీగా రాసి, కోసిన ముక్కలు చేతిలో పట్టుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాం. 9 గంటల్లో 4 తిరిగి వచ్చాయి, మిగతా 5 రాలేదు. ఇప్పుడు మా జాబ్ కార్డు మీద "నానబెట్టిన సమయం", "వేడి", "కోత" అని మూడు గడులు చేతితో గీసుకుని రాస్తున్నాం. బోల్టు ముక్కలు మా టేబులు మీదే ఉన్నాయి.